మొరుగుడును బట్టి గుర్తుపట్టిన పోస్టు బాబాయ్

ఇరవై తొమ్మిదేళ్ళుగా కొండవీధులకు ఉత్తరాలు పంచుతున్నాడు గనక ఆయన్ని ఊరంతా పోస్టు బాబాయ్ అనేది. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలిచేవారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సంచి బరువుకి ఒక భుజం కిందికి దిగిపోయింది. కుక్కలంటే ఆయనకి హడల్. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒకటి పిక్క పట్టుకుంది. అప్పట్నుంచీ ఏ ఇంట్లో ఏ కుక్క ఉంది, దాని గొలుసు ఎంత పొడుగు, అది మొరిగి కరిచే రకమా, కరిచి మొరిగే రకమా అన్నీ ఆయనకి కంఠతా వచ్చు.

"మా ఆయన మనుషుల పేర్లన్నా మర్చిపోతాడు గానీ కుక్కల పేర్లు మర్చిపోడు" అని భార్య నవ్వేది.

ఆ ఎండాకాలం కొండ వెనక అడవి అంటుకుంది. మూడు రోజులు పొగ తప్ప ఏమీ కనబడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం గాలి ఇటు తిరిగింది. గంటన్నర తిరక్కుండానే పై మూడు వీధులూ బుగ్గయిపోయాయి. జనాన్ని లారీల్లో కుక్కి కిందికి దింపారు. కట్టుబట్టలు సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. మనుషులందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పెంచుకున్న కుక్కలూ పిల్లులూ మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

మనుషుల్ని ఆడపిల్లల హైస్కూల్లో ఉంచారు. చిన్నపిల్లలున్నారు, జంతువులు లోపలికి వద్దన్నారు. మంటలార్పేవాళ్ళు బూడిదలోంచి ఏరి తెచ్చిన జంతువుల్ని పాత బస్సుల షెడ్డులో పెట్టారు. పశువుల డాక్టరమ్మ ఒక్కతే వాటికి కట్లు కడుతూ ఉంది.

జనం కిందికి దిగిన మూడో రోజున బాబాయ్ ఆ మూడు వీధుల ఉత్తరాలు పట్టుకుని స్కూలుకి వెళ్ళాడు. ఉత్తరాలకి చెయ్యి చాపినవాళ్ళు లేరు. "బాబాయ్, మా నల్లోడు ఏమైనా కనబడ్డాడా?" "బాబాయ్, మా పిల్లి కూన?" అని చుట్టూ మూగారు. ఆయన సంచీతో పాటు ఆ ప్రశ్నలన్నీ మోసుకుంటూ షెడ్డుకి వెళ్ళాడు.

గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. లోపల నలభైకి పైగా బోనులున్నాయి. కాలిన వెంట్రుకల వాసన, మందుల వాసన కలిసి గుప్పున కొట్టింది.

"ఏది ఎవరిదో తెలీడం లేదండీ" అంది డాక్టరమ్మ, చేతులు తుడుచుకుంటూ. "ఒంటి మీద వెంట్రుక మిగల్లేదు, రంగు తెలీదు. సొంతవాళ్ళు వచ్చి చూసి కూడా మాది కాదని వెళ్ళిపోతున్నారు."

అంతలో లోపల ఏదో కుక్క దగ్గినట్టుగా రెండుసార్లు మొరిగి, ఆగి, ఇంకోసారి మొరిగింది.

"అది కుట్టుమిషను అక్కయ్యది" అన్నాడు బాబాయ్. "రెండో వీధి, ఎర్ర గేటు. అది ఎప్పుడూ అంతే, రెండు మొరిగి ఊపిరి పీల్చుకుంటుంది."

డాక్టరమ్మ ఆయన చేతిలో కాగితం, పెన్సిలు పెట్టింది. బాబాయ్ గోడకి అంటుకుపోయి నడుస్తూ, ప్రతి బోను దగ్గరా చెవి ఒగ్గి, ఆ రోజు పదకొండింటిని గుర్తుపట్టాడు. బోనుకో చీటీ కట్టాడు. దాని మీద ఇంటి చిరునామా రాశాడు. ఆ ఇళ్ళు లేవన్న సంగతి రాస్తున్నంతసేపూ ఆయనకి తెలుస్తూనే ఉంది.

మూల బోనులో ఒకటి మాత్రం కిక్కురుమనలేదు. నాలుగు కాళ్ళకీ కట్లు. మెడలో జానెడు గొలుసు, గొలుసు చివర కొక్కెం, కొక్కేనికి ఇంకా వదలని తలుపు చెక్క ముక్క. వచ్చినప్పట్నుంచీ మెతుకు ముట్టలేదంది డాక్టరమ్మ. బాబాయ్ దగ్గరికి వంగాడు. అది ఒక కన్ను తెరిచి, ఆయన ఖాకీ చొక్కా చూసి, లోగొంతుతో గుర్రుమంది.

"దొర!" అన్నాడు బాబాయ్. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. లెక్కల మాస్టారి కుక్క అది. రెండుసార్లు బాబాయ్ సంచి చింపింది.

మాస్టారు ఒంటరివాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. స్కూల్లో ఒక బల్ల మీద గోడకేసి తిరిగి కూర్చునేవాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు.

"మాస్టారూ, దొర ఉన్నాడండీ" అన్నాడు బాబాయ్.

ఆయన తల తిప్పలేదు. "ఉన్నాడంటే? ఎముకలు దొరికాయా?"

"కాదండీ. నా మీద గుర్రుమన్నాడు."

మాస్టారు అప్పుడు ఇటు తిరిగాడు. "పొగకి బెదిరి అటూ ఇటూ పరిగెడుతున్నాడని నేనే తలుపుకి కట్టేశానోయ్. ఆవిడ ఫోటో తెచ్చుకుని విప్పుదామనుకున్నా. ఈలోగా రెక్క పట్టి లారీ ఎక్కించేశారు. కట్టేసి వచ్చినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?"

ఓదార్పు మాటలు బాబాయ్‌కి చేతకావు. "మీ మొహం సంగతి తర్వాత చూసుకుందాం లెండి. వాడు మూడు రోజులుగా పస్తున్నాడు. ముందు వాడికి ముద్ద పెట్టాలి" అని, ఆయన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు.

దొర తోక ఊపలేదు. మాస్టారిని చూసి తల గోడకేసి తిప్పుకుంది. ఆయన బోను పక్కన నేల మీద చతికిలబడి, "తప్పయిపోయిందిరా" అన్నాడు. ఆ సాయంత్రం దొర ఏమీ తినలేదు. మర్నాడు పొద్దున ఆయన అరచేతిలోంచి రెండు ముద్దలు తింది. మాస్టారు మళ్ళీ స్కూలుకి వెళ్ళలేదు. షెడ్డులోనే చాప వేసుకున్నాడు.

అన్ని కబుర్లూ అలాంటివి కావు. ఇస్త్రీ పెద్దమ్మకి గవ్వ అని పిల్లి ఉండేది. అది షెడ్డుకి రాలేదు. బాబాయ్ అనుమతి అడిగి మూడో వీధికి వెళ్ళి చూశాడు. తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, పెద్దమ్మ ముందు కూర్చున్నాడు.

"పెద్దమ్మా, గవ్వ లేదు. నేను చూశాను. పెరట్లో నా చేతుల్తోనే పూడ్చాను."

"మంచం కిందే దొరికిందా?" అందామె.

"అవును."

"ఉరుమొచ్చినా అక్కడికే పోయేది" అంది. తర్వాత ఎక్కడ పూడ్చాడో చెప్పమంది. ఆయన ఒక కార్డు వెనక పెరడు గీసి, చోటు గుర్తుపెట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

నెల తిరిగేసరికి స్కూలు ఖాళీ చేయమన్నారు. అద్దె గదులు దొరికాయి గానీ, జంతువులుంటే కుదరదన్నారు. బాబాయ్ ఉత్తరాలిచ్చే ప్రతి గుమ్మంలోనూ నోరు విడిచి అడిగాడు: "రెండు నెలలు ఒక కుక్కని మీ వసారాలో ఉంచుకుంటారా?" కొందరు తలుపేశారు. కొందరు సరేనన్నారు. మిగిలిన మూడింటిని తన ఇంటికే తెచ్చుకున్నాడు.

"ఇన్నేళ్ళూ వీటిని చూసి వణికిపోయి, ఇప్పుడు ఇంటికే తెచ్చారా?" అంది భార్య.

"భయం ఎక్కడికి పోతుందే! నువ్వు అన్నం పెట్టు, నేను ఈ గుమ్మంలో నిలబడతా" అన్నాడు.

షెడ్డుకి వచ్చినవాటిలో తొమ్మిది దక్కలేదు. తక్కినవాటిలో చాలావరకు సొంతవాళ్ళ దగ్గరికి చేరాయి. దొర కుంటుతూ నడిచింది. మాస్టారూ అదీ కింద బజారులో ఒక గదిలో ఆ చలికాలమంతా ఉన్నారు. చలి తగ్గుతుండగా ఒక మధ్యాహ్నం దొర ఆయన కాళ్ళ దగ్గర పడుకుని లేవలేదు. పొగ ఊపిరితిత్తుల్ని తినేసిందని డాక్టరమ్మ చెప్పింది. మాస్టారు, బాబాయ్ కలిసి దాన్ని కొండమీద పాత ఇంటి పునాదుల పక్కన పూడ్చారు. మాస్టారు ఆ ఇల్లు మళ్ళీ కట్టలేదు.

మరుసటి ఎండాకాలానికి బాబాయ్ రిటైరయ్యాడు. డాక్టరమ్మ పట్టుబట్టడంతో, కొండమీద ఏ ఇంట్లో ఏ జంతువుందో, ఎక్కడ దాక్కుంటుందో ఆయన జాబితా రాసిచ్చాడు. ఒకరోజు కొండ వెనక మళ్ళీ పొగ లేచింది. ఈసారి జనం లారీల వెంట బోనుల లారీ ఒకటి కూడా వెళ్ళింది. డ్రైవరు పక్కన బాబాయ్ కూర్చుని ఇల్లిల్లూ చూపించాడు. వెనక, బోనుల మధ్య, ఇస్త్రీ పెద్దమ్మ కూర్చుంది. ఆమె మళ్ళీ ఏ పిల్లినీ తెచ్చుకోలేదు. లారీ కుదుపులకి బెదిరిపోతున్న జంతువుల బోనుల మీద తడిగుడ్డలు కప్పుతూ, "అయిపోయింది, దిగిపోతున్నాం" అని కొండ దిగేదాకా చెబుతూనే ఉంది.