సబిత కూడా కొట్టిన చప్పట్లు

కువైట్‌లో నాలుగేళ్లు ఇంటిపని చేసి వచ్చాక, అల్లవరం దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరాను. అక్కడ నా పక్కన కూర్చునే సబితది ఒడిశా. తెలుగు ఇంకా సరిగ్గా పట్టుబడలేదు.

ఎన్నికల ముందు ఒక టీవీ ఛానల్ వాళ్లు మా ఊళ్లో చర్చ పెట్టారు. బయటి రాష్ట్రాల కూలీలు మనకి కావాలా, వద్దా అన్నది విషయం. టీవీలో కనబడదాం రమ్మని సబితను నేనే తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాను.

"నేను చెయ్యెత్తగానే గట్టిగా చప్పట్లు కొట్టాలండీ. ఎవరికి ఎక్కువ పడితే వాళ్లే గెలిచినట్టు" అని ఛానలాయన ముందే చెప్పారు.

"ఆయ్, అలాగేనండీ" అన్నాం.

ఒక నాయకుడు కూలి రేట్ల గురించి నెమ్మదిగా ఏదో చెప్పబోయారు. ఆ మాట పూర్తికాకుండానే రెండో ఆయన లేచి, "గెలిచిన మర్నాడే వీళ్లందర్నీ రైలెక్కించేస్తాం!" అని అరిచారు. ఛానలాయన చెయ్యి లేచింది. నా చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టేశాయి. పక్కకి చూస్తే, నన్ను చూసి సబిత కూడా నవ్వుతూ కొడుతోంది. కెమెరా ఆమె ముఖం మీదే ఆగింది.

ఆటోలో వస్తుంటే, "ఆ అరిచిన పెద్దాయన ఏం చెప్పేరక్కా?" అని అడిగింది.

"మంచి మాటేలే" అన్నాను.

కువైట్‌లో ఇంటివాళ్లు టీవీలో మాలాంటి పనివాళ్లని చూపిస్తూ సాగే చర్చలు చూసి నవ్వుతుంటే, టీ ట్రే పట్టుకుని నేనూ నవ్వేదాన్ని. ఏమన్నారు మేడం అని ఒకసారి అడిగితే, ఆవిడ చెప్పిన జవాబూ అదే.