బగుమా మూలుగు

బగుమా మనుషులతో మాట్లాడడు, మూలుగుతాడు. మూగవాడు కాడు, ముక్కోపి కాడు, గొంతుకి జబ్బేమీ లేదు. ఎవరేమడిగినా, ఎంత తిట్టినా, గొంతు అడుగునుంచి రెండు ముక్కల్లో "హుమ్మ్... ఊఁమ్" అంటాడు. మొదటిది పొట్టిది, రెండోది సాగదీసింది. అంతటితో ఆయన వైపునుంచి సంభాషణ ముగిసినట్టే. వయసంతా అడవిలో గొరిల్లాల జాడ తీస్తూ గడిపిన మనిషి కదా, అక్కడేదో అంటించుకొచ్చాడని ఊరివాళ్లు సరిపెట్టుకున్నారు.

సంగతి పెళ్లినాడే బయటపడింది. ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని చర్చిలో పాస్టరుగారు అడిగితే బగుమా మూలిగాడు. ఆయన మళ్లీ అడిగారు. మళ్లీ అదే మూలుగు. పాస్టరుగారు పుస్తకం మూసి, పెళ్లికొడుక్కి ఒంట్లో నలతగా ఉందేమోనని చుట్టాలను వాకబు చేయడం మొదలుపెట్టారు. మేలిముసుగు లోపలినుంచి పెళ్లికూతురు కెబిరుంగి, "ఒప్పుకున్నాడు లెండి, కానివ్వండి" అంది. ఆనాటినుంచీ ఆ మూలుగుకి లోకానికి అర్థం చెప్పే ఉద్యోగం ఆమెకే అంటుకుంది.

అడవి ఉద్యోగం మానేశాక మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి కొండమీద, గొరిల్లాలను చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఆరు గదుల లాడ్జి కట్టారు. వంట, పక్కలు, పద్దులు కెబిరుంగివి. గేటు దగ్గర నిలబడి అతిథులను ఆహ్వానించడం బగుమా పని. ఆ పని ఆయనకు అప్పజెప్పినందుకు ఆమె తన్ను తానే తిట్టుకోని రోజు లేదు. గదిలో వేడినీళ్లు వస్తాయా అని ఒకరు అడుగుతారు, మూలుగు. రాత్రి చెట్టుమీద గొంతు చించుకుని అరిచేది ఏ జంతువని ఇంకొకరు అడుగుతారు, అదే మూలుగు. ఒకావిడ ఈ గదిలో ఎవరైనా చనిపోయారా అని అడిగి, జవాబు విని, పెట్టె సర్దుకుని పక్క గదిలోకి మారిపోయింది. ఇక ఫోనెత్తి మూలిగితే, అవతలివాళ్లు లైను బాగాలేదనుకుని పెట్టేసేవారు.

మేకను బేరమాడటానికి మాత్రం ఆ మూలుగు భేషుగ్గా పనికొచ్చేది. అమ్మేవాడు ధర చెబుతాడు, బగుమా మూలుగుతాడు, వాడు కంగారుపడి తగ్గిస్తాడు, బగుమా మళ్లీ మూలుగుతాడు. కానీ మేకల మీద లాడ్జి నడవదు కదా.

పైగా అవతలి కొండమీద అద్దాల కిటికీలతో పెద్ద లాడ్జి ఒకటి లేచింది. కెబిరుంగి గదుల్లో నాలుగు ఎప్పుడూ ఖాళీయే. ఆ పెద్ద లాడ్జివాళ్లు, ఈ స్థలం మాకే అమ్మేయండని రెండుసార్లు మనిషిని పంపారు. సరిగ్గా అప్పుడే రాజధాని కంపాలానుంచి సెకిట్టో అనే ఆయన కబురు పెట్టాడు. అతిథులను గుంపులు గుంపులుగా అడవికి పంపించే వ్యాపారం ఆయనది. రెండు రోజులుండి, తిండీ పక్కా చూసి, తనూ గొరిల్లాల దగ్గరికి వెళ్లొస్తాడట. నచ్చితే ఎండాకాలం అంతా గదులు నిండుతాయి. నచ్చకపోతే లాడ్జి అమ్ముకుని, సరస్సు ఒడ్డున ఆమె తమ్ముడి పంచన చేరడమే.

కెబిరుంగి మొగుణ్ణి ఎదురుగా కూచోబెట్టి, ఈ రెండు రోజులూ మూలిగితే మర్యాదగా ఉండదని చెప్పేసింది. "స్వాగతం అయ్యా, ప్రయాణం సుఖంగా సాగిందా" అని నేర్పింది. బగుమా పెరట్లోకి వెళ్లి మేకకు ఆ ముక్క పదిసార్లు అప్పజెప్పాడు. మేక తల ఎత్తి చూసింది. కెబిరుంగికి కాస్త ధైర్యం వచ్చింది.

సెకిట్టో కారు బురదలో దిగబడింది. ఆయన మోకాళ్లదాకా మునిగి, రోడ్డునూ, డ్రైవరునూ, వాననూ, కొండనూ వరసపెట్టి తిడుతూ గేటు దగ్గరికి వచ్చాడు. బగుమా "స్వాగతం" దాకా అన్నాడు. ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. మిగతాదంతా మూలుగైపోయింది.

"ఏమిటమ్మా, ఈయన నన్ను వెక్కిరిస్తున్నాడా?" అన్నాడు సెకిట్టో.

జలుబు చేసిందని చెప్పింది కెబిరుంగి. గది చలిగా ఉందని ఆయన అరిస్తే బగుమా మూలుగు, ఆమె నోట మళ్లీ జలుబు, దుప్పట్లో పెట్టిన వేడినీళ్ల సంచి కాలుతోందని అరిస్తే జలుబు. భోజనాల వేళకు ఆయనకే చిర్రెత్తుకొచ్చింది. ఇంత జలుబున్నవాణ్ణి, వాటికి అంటుకుంటుందని, గొరిల్లాల దాపులకు కూడా రానివ్వరు, నా పళ్లెం దగ్గరికి ఎలా రానిచ్చావని నిలదీశాడు. నిలదీస్తూనే అరటికాయ ముద్దా, బీన్స్ కూరా మూడుసార్లు వడ్డించుకున్నాడు.

తెల్లారి అడవి శాఖవాళ్లు కొండ కింద బడి దగ్గర, గొరిల్లాలను చూడబోయేవాళ్లను గుంపులుగా విడదీస్తుంటే, సెకిట్టో గది గడియ తియ్యలేదు. కడుపులో నొప్పి, రాత్రి తిన్న బీన్స్ వల్లేనని లోపలినుంచి అరిచాడు. ఈ మాట కంపాలా చేరిందంటే లాడ్జి సంగతి ముగిసినట్టే. మూడుసార్లు తిన్నప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందని కెబిరుంగి తలుపు బయటనుంచి అరిచింది. లోపలినుంచి ఆయన రెట్టింపు అరిచాడు.

బగుమా వచ్చి, భార్యను మోచేత్తో మెల్లిగా పక్కకు జరిపి, తలుపుకి వీపు పెట్టి మెట్టుమీద కూచున్నాడు. ఒక గడ్డిపరక పీకి నములుతూ మూలిగాడు.

"వాణ్ణి అక్కణ్ణుంచి పొమ్మను!" అని లోపలినుంచి అరిచాడు సెకిట్టో.

బగుమా తొందరపడకుండా ఇంకోసారి మూలిగాడు. కెబిరుంగి తడి దుప్పటి ఆరేస్తున్నట్టు నటిస్తూ తాడు వెనక నిలబడింది. ఏం జరుగుతుందో చూడకుండా అక్కణ్ణుంచి కదలడం ఆమె వల్ల కాలేదు. లోపలి అరుపు గొణుగుడులోకి దిగింది, గొణుగుడు ఆగిపోయింది. చాలాసేపయ్యాక తలుపు లోపలినుంచి సన్నగా, అనుమానంగా ఒక మూలుగు వినిపించింది. బగుమాది కాదు. కెబిరుంగి చేతిలో దుప్పటి జారి బురదలో పడింది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"నేనెప్పుడూ వెళ్లలేదయ్యా," అన్నాడు సెకిట్టో ఆ సందులోంచి. "ఇన్నేళ్లుగా జనాన్ని పంపిస్తున్నాను. ఆ జంతువు బొమ్మ చూస్తేనే భయమేసి పేజీ తిప్పేస్తాను. ఆఫీసులో అందరూ నవ్వుతుంటే వస్తానని బయల్దేరాను."

బగుమా మూలిగి, ఆయన సంచీ భుజానికెత్తుకుని నడవడం మొదలుపెట్టాడు. కాసేపటికి సెకిట్టో కూడా, బూట్ల తాళ్లు కట్టుకోకుండానే, వెనకే పరుగెత్తాడు.

ఆ రోజు కెబిరుంగి కూరలో ఉప్పు వేసిందో లేదో ఆమెకే తెలియదు. దారిలోకి తొంగి చూడటం, లోపలికి రావడం, మళ్లీ తొంగి చూడటం. పొద్దు వాలే వేళకు ఇద్దరూ చెవులదాకా బురదతో వచ్చారు. సెకిట్టో అరవడం లేదు. అది చూసి ఆమె ఇంకా భయపడింది.

"ఆ గుంపులో వీపు నెరిసిన పెద్దాయన సరాసరి నా మీదికే వచ్చాడమ్మా," అన్నాడు అరుగుమీద కూలబడి. "పరిగెత్తొద్దన్నారు. పరిగెత్తడానికి కాళ్లుంటే కదా! ఈయన నా పక్కన చతికిలబడి మూలిగాడు. నేనూ మూలిగాను. దానికి ఆయన ఆగి, కాసేపు చూసి, మూలిగాడు."

"ఎవరు, మా ఆయనా?"

"కాదమ్మా, ఆ పెద్దాయన! మూలిగి, అటు తిరిగి ఆకులు తినడం మొదలుపెట్టాడు. నేను అక్కడే కూచుని ఏడ్చేశాను. సిగ్గేం లేదు, చెబుతున్నాను."

తరవాత ఆయన బీన్స్ ఇంకా ఉన్నాయా అని అడిగాడు. తింటూ, ఎండాకాలం గుంపులన్నీ ఇక్కడికే పంపుతాననీ, గేటు దగ్గర మాత్రం ఈయనే ఉండాలనీ, ఈయన జలుబుకు ఎవరూ మందు వేయకూడదనీ చెప్పాడు.

వంటింట్లో జొన్నగంజి కలుపుతూ కెబిరుంగి ఇన్నాళ్లకు మొగుణ్ణి సూటిగా అడిగింది, అసలు ఆ మూలుగుకి అర్థమేమిటని. బగుమా పీటను ఆమె దగ్గరికి జరుపుకుని కూచున్నాడు. తరవాత ఆమె ఎన్నడూ విననంత పొడుగు మాట మాట్లాడాడు.

"అరిచేది కోపంతో కాదే, భయంతో. గొరిల్లా అయినా అంతే, మనిషైనా అంతే. నేనిక్కడే ఉన్నాను, నీకేం కాదు, నీ తిండి నువ్వు తిను అని చెబుతూ ఉండాలి, నమ్మేదాకా. మాటల్లో చెబితే నమ్మరు."

కెబిరుంగి చెయ్యి ఆగిపోయింది. సరస్సు ఊరునుంచి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఈ అడవి చప్పుళ్లకు హడలిపోయి, ఆ హడలంతా కప్పుమీదా, కుండమీదా, ఈ మనిషిమీదా అరిచి తీర్చుకుంది. ఆ అరుపు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. ఊరందరికీ ఆ మూలుగు అర్థం చెబుతూ వచ్చిందే గాని, అది రోజూ తనకేం చెబుతోందో ఒక్కనాడూ అడగలేదు. ఆమెకు ఆ మనిషిమీద పట్టరానంత ప్రేమ ముంచుకొచ్చింది. దాన్ని బయట పెట్టడం అలవాటు లేక గంజిని మరీ గట్టిగా కలిపింది.

"ఆ గొరిల్లాలు మీకు మాలిమి కావడానికి ఎన్నాళ్లు పట్టిందయ్యా?"

"రెండేళ్లు."

"మరి నాకు?"

బగుమా ఆమెనూ, ఆమె చేతిలోని గరిటెనూ మార్చి మార్చి చూశాడు.

"నీకింకా పడుతోంది," అన్నాడు, పీటను గరిటెకు అందనంత దూరం జరుపుకుంటూ.