అనిత పట్టిన బిందె

బెంగళూరు శివార్లలోని హెబ్బగోడిలో వరుసగా కట్టిన అద్దె గదుల్లో చివరిది ఆదెమ్మది. కూతురు అనిత డెంగీ జ్వరంతో పోయిన రోజు, చావింట్లో నీళ్ళు నిలవుండకూడదని ఇరుగుపొరుగువాళ్ళు డ్రమ్మూ బకెట్లూ పారబోసి బోర్లించారు. ఒక్క బిందెను మాత్రం ఆదెమ్మ ఎవరికీ కనబడకుండా మంచం కిందికి తోసేసింది. ట్యాంకర్ దగ్గర ఆడవాళ్ళతో పోట్లాడి అనిత పట్టుకొచ్చిన నీళ్ళవి. అవి తెచ్చిన సాయంత్రమే పిల్ల పడకేసింది.

బళ్ళో బొమ్మల పుస్తకం చూసినప్పటి నుంచి అనితకు డైనోసార్ల పిచ్చి. నీళ్ళు రాని రోజు స్నానం ఎగ్గొట్టడానికి అవే సాకు.

"డైనోసార్లు సబ్బు రుద్దుకున్యాయా మా? కోళ్ళు వాటి మనవరాళ్ళంట. కోళ్ళు దుమ్ములో పొర్లుతాయి కదా, అవీ అట్లే పొర్లింటాయి."

"నువ్వూ పోయి పొర్లు. చీపురుతో తోముతా!"

తండ్రి గంగన్న చెంబెత్తితే ఇంకో మాట.

"అప్పా, కోడి మాదిరి తల పైకెత్తి మింగు. అవి కొత్త నీళ్ళనుకుంటాండావా? డైనోసార్ తాగి ఉచ్చ పోసిన నీళ్ళే. ఆవిరైతాయి, వానైతాయి, మళ్ళా వస్తాయి. నీళ్ళు యాడికీ పోవు."

గంగన్నకు పొలమారేది. "థూ, నీ సదువు తగలెయ్య!"

ఇప్పుడా గదిలో మాటల్లేవు. గంగన్న పనికి పోగానే ఆదెమ్మ నేలమీద పడుకుని, మంచం కిందికి చేయి చాపి బిందెను తడుముకునేది. మూత మాత్రం తీసేది కాదు.

ఒక పొద్దున తాపీ వెతుక్కుంటూ గంగన్న మంచం కిందికి వంగాడు. బిందె బయటికి లాగాడు.

"ఇదేందే?"

"పాప పట్టింది. ముట్టుకోవద్దు."

"ఇంటికి మంచిది కాదే."

"ఇంకేం కావల్లప్పా ఈ ఇంటికి?"

 గంగన్న బిందెను వెలుతురులోకి జరిపాడు. మూత ఎప్పుడో పక్కకు జరిగి ఉంది. నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఆడుతున్నాయి. దోమపిల్లలు. అనిత పోయాక మందు కొట్టడానికి వచ్చినవాళ్ళు అలాంటివే చూపించి మరీ చెప్పిపోయారు. పక్క గదిలో మమత చంటిబిడ్డ ఏడుస్తోంది.

గంగన్న చేయి చాపాడు. ఆదెమ్మ అతన్ని తోసేసి, బిందెను తానే చంకనెత్తుకుంది. వాకిట్లోకి వెళ్ళి వంచింది. ఎండిన మట్టి గటగటా తాగేసింది.

"యాడికీ పోవంటివే..." అంది నేలను చూస్తూ.

గుంటలో మిగిలిన కాసిని నీళ్ళ దగ్గరికి ఇంటి ఓనరు కోడి వచ్చింది. ముక్కు ముంచి, తల పైకెత్తి మింగింది. గంగన్న రాయి తీశాడు.

"తోలొద్దు. తాగనీ," అంది ఆదెమ్మ. బిందెను బోర్లించి, దాని పక్కనే కూలబడింది.