మా అరుగు మీది వైఫై

గోకుందలో మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఒక చాయ్ హోటల్ ఉంది. రోజూ నేను చాయ్ తాగేది అక్కడే. అయినా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అడవి పనులకు కూలీలను తీసుకుపోయే ముకద్దం ఆడవాళ్ళతో వెకిలిగా ప్రవర్తిస్తున్నాడని వాళ్ళలో పెద్దామె వచ్చి నాతో చెప్పింది. ఆమెను నేను అక్కా అంటాను. అటవీశాఖ పై ఆఫీసుకు ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాలని ఉంది, కానీ పేరు బయటపడితే పని పోతుందని భయం. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

నాకు హుషారు వచ్చింది. రైల్వే గుమస్తానే అయినా కంప్యూటర్ సంగతులు చదువుతుంటాను. పంపినవారి జాడ దాచే యాప్ ఒకటి ఆమెకూ, ఆమెతో పనిచేసే ఆడవాళ్ళందరికీ ఫోన్లలో వేసిపెట్టాను.

"నీ మాట దేశదేశాల మిషన్లల్ల తిరిగి పోతది అక్కా. నడుమ ఉన్నోళ్లు ఎవ్వరికి నువ్వు పంపినవని తెల్వది."

"గట్లనా సారు? మల్ల మాకేం కాదు గదా?"

"నాది జిమ్మా."

వాళ్ళ వాడలో సిగ్నల్ అందదు. అందుకని సాయంత్రాలు మా వైఫైకి వచ్చేవారు, అరుగు మీద కూర్చుని ఫిర్యాదులు పంపేవారు. నిజానికి వైఫై వంటింట్లో, పెరట్లో ఇంకా బాగా వస్తుంది. కానీ ఆ వాడవాళ్ళు మా నాన్న కాలం నుంచీ అరుగు దగ్గరే ఆగుతారు. ఆగమని ఎవరూ అనరు, లోపలికి రమ్మనీ ఎవరూ అనరు. నేనూ అనలేదు. దేశదేశాల యంత్రాల గురించి అంత గొప్పగా చెప్పినవాణ్ణి, అందరినీ తెచ్చి రోడ్డు మీదికి కనపడే ఒక్క అరుగు మీద కూర్చోబెట్టాను.

ఫిర్యాదుల మీద పై ఆఫీసు నిలదీశాక, పంపిందెవరో కనిపెట్టడానికి ముకద్దానికి ఏ విద్యా అవసరం పడలేదు. ఎదురు హోటల్లో కూర్చుని చాయ్ తాగాడు, అంతే. మర్నాడు వాళ్ళెవరినీ పనికి పోయే బండి ఎక్కనివ్వలేదు.

ఆ సంగతి అక్కే వచ్చి చెప్పింది. "హోటల్ల కూసొని సూసిండట సారు. మీ అరుగు మీదికి అచ్చినోళ్లందరిని యాది పెట్టుకుండు. ఇగ మీకు పని లేదు పోన్రి అన్నడు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. సిగ్గుతో ఆమె మొహం చూడలేక తలుపు పూర్తిగా తెరిచాను.

"లోపలికి రా అక్కా. కూసొని మాట్లాడుదం."

ఆమె లోపలికి చూసింది, తర్వాత హోటల్ వైపు చూసింది.

"గిప్పుడు పిలుస్తున్నరా సారు?" అంది, ఎప్పుడూ కూర్చునే చోటనే అరుగు మీద కూర్చుంటూ.