వెంకటనర్సయ్య సారు తప్పుల తాతలు

తార్నాక మొత్తమ్మీద తాతల బొమ్మలు ఇంత శ్రద్ధగా తప్పు గీసే మనిషి ఒక్కరే, మా వెంకటనర్సయ్య సారు. రిటైరైన డ్రాయింగ్ టీచర్. పొద్దున్నే నాతోపాటు యూనివర్సిటీలోకి వాకింగ్‌కి వచ్చి, నడక తప్ప అన్నీ చేస్తారు. అట్ట ఒళ్లో పెట్టుకుని, దొరికినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, ఫొటో కూడా లేని వాళ్ల ముత్తాతలను పోలికలను బట్టి గీస్తానంటారు. గీస్తారు కూడా. ఒక్కటీ కలవదు.

హబ్సిగూడ టిఫిన్ సెంటర్ ముఖేష్ ముత్తాతను అక్కడే కూర్చుని గుర్రమెక్కించి, చేతికి కత్తి ఇచ్చారు. ముఖేష్ పెనం మీద దోసె వదిలేసి వచ్చాడు. ఆ ముత్తాత గుర్రం కనబడితే గోడ దూకేవాడట, నేతపని కోసం షోలాపూర్ దాకా నడిచే పోయాడట. కథ ముగిసేసరికి దోసె బొగ్గయింది. విద్యానగర్ పద్మావతి గారి తాతగారికి గుబురు మీసాలు పెట్టారు. "మీసాలేంటండీ, నాటకాల్లో సీత వేషం ఆయనదే" అని ఆవిడ పోట్లాటకొచ్చి, రెండు పద్యాలు పాడి మరీ వెళ్లారు.

ముందే అడిగి గీయొచ్చు కదా అంటే, "అడిగితే మజా ఏమున్నది" అనేవారు సారు.

ఒకరోజు స్నేహలత వచ్చింది. క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, లాలాగూడ రైల్వే కుటుంబం. వాళ్ల నాయినమ్మ అమృతమ్మను కన్నతల్లి ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మాటెత్తితే చాలు, అమృతమ్మ చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతుందట, రాళ్లు లేకపోయినా.

"ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నది సార్. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పటికీ తెల్వది" అంది స్నేహలత.

ఆ ఆదివారమే సారూ నేనూ లాలాగూడలో వాళ్లింటికి వెళ్లాం. అమృతమ్మ మమ్మల్ని చూడగానే చేట అందుకుంది. సారు ఆమె మొహం కాసేపు పరికించి, జరీచీర, వడ్డాణం, ఒళ్లో వీణతో నిండుగా బొద్దుగా ఒక దొరసానిని గీసి, "మీ అమ్మ" అంటూ ముందుంచారు.

అమృతమ్మ బొమ్మను చాలాసేపు చూసింది. వెళ్లగొడుతుందేమోనని నాకు భయమేసింది. చేట పక్కకు జరిగింది.

"వీణేంది? మా అమ్మ సర్కస్‌ల ఉయ్యాల మీదికెల్లి దుంకేది. గింత పొట్టేసుకొని ఎట్ల దుంకుతది?"

నాయినమ్మ ఇక ఆగలేదు. లాలాగూడకు వచ్చిన సర్కస్ డేరా, అందులో అమ్మాయి మీద మనసుపడిన వర్క్‌షాప్ ఫిట్టర్, వాళ్ల పెళ్లి, పుట్టిన తను. సర్కస్‌దాని కూతురంటే సంబంధాలు రావని, తండ్రి తరఫువాళ్లు తల్లి మాటెత్తనని చిన్నప్పుడే అమృతమ్మచేత ఒట్టు వేయించుకున్నారు. వేయించుకున్నవాళ్లంతా ఎప్పుడో పోయారు. ఒట్టు మాత్రం నిన్నటిదాకా కాపలా కాసింది.

సారు కొత్త కాగితం తీశారు. ఆమె చెబుతుంటే చెయ్యి పరుగెత్తింది. సన్నటి నడుము, చాచిన చేతులు, గాల్లో ఎగిరే జడ. ఒక్క గీత పక్కకు పోలేదు. ఆ చెయ్యి అంత ఒడుపుగా గీయగలదని నాకు ఆరోజే తెలిసింది. ఆయన వంక చూశాను.

"దాచుకున్న ముచ్చట అడిగితే ఎవలు చెప్తరు," అన్నారు గొంతు తగ్గించి. "తప్పు గీస్తే మాత్రం తమోళ్లను ఎవలూ గట్ల ఇడిచిపెట్టరు."

అమృతమ్మ బొమ్మను ఒళ్లోకి తీసుకుంది. "గిదీ, మా అమ్మ" అంది, మనవరాలికి పరిచయం చేస్తున్నట్టు.

స్నేహలత ఆమె పక్కకు జరిగింది. "నాయినమ్మా, నీకు గూడ నేర్పిందా?"

అమృతమ్మ లోపలి గదివైపు తొంగి చూసింది. కొడుకు దేవేందర్ టీవీలో మునిగి ఉన్నాడు.

"వర్క్‌షాప్ ఎనక చింతచెట్టుకు తాళ్లు గట్టి నేర్పింది. పెండ్లయ్యేదాంక దుంకిన," అంది మెల్లగా. "మీ నాయినకు చెప్పకు."