తెల్లబడిన మైలుతుత్తం

బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లు ఒక్క చుక్క పడగానే తెల్లటి పొడి నీలమైంది. మరో నాలుగు చుక్కలకు స్టీలు పళ్లెంలో నెమలి మెడ రంగు పరుచుకుంది. కొట్టు ముందు అరుస్తున్నవాళ్లంతా పళ్లెం మీదికి వంగారు. “చూస్తిరా? సున్నమంట, సున్నం!” అంది శాంతమ్మ టీచర్. కాలేజీలో నాకు రసాయనశాస్త్రం చెప్పిన మనిషి.

ఆ ఉదయం హగరి ఏటి దగ్గర క్యాంపు వేసుకుని స్థిరపడిన కోస్తా రైతులు వీరేశప్ప ఎరువుల కొట్టును చుట్టుముట్టారు. వరి మడిలో నాచు పోవడానికి నీళ్లు పారే మడవ దగ్గర మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, మూట కట్టడం వాళ్ల అలవాటు. నీలంగా ఉండాల్సిన సరుకు ఈసారి తెల్లగా ఉంది. సున్నం కలిపాడని, కొట్టు మూయించాలని పట్టుబట్టారు. విలేకరిగా నేను ‘నకిలీ’ అంటూ అతడి పేరుతో సహా వార్త ఫోనులో రాసేశాను. పంపడమే తరువాయి. కల్తీయేనని ఒక మాట చెప్పించుకుందామని టీచరుకు ఫోన్ చేస్తే, ఆమె నేరుగా కొట్టుకే వచ్చింది.

“మూటలు యాడ పెట్టింటివి వీరేశప్పా?”

“గోడౌన్ కారతాండాదని రైసుమిల్లులో పెట్టింటి టీచరమ్మా, ఆవిరి గొట్టం పక్కన.”

ఆమె నవ్వింది. పళ్లెంలో పొడి నీలమయ్యాక ఇంకొంత పొడిని గ్లాసులో కరిగించింది. నీళ్లు తేటగా నీలమయ్యాయి, అడుగున మడ్డి లేదు. “సున్నముంటే ఈపాటికి మడ్డి కట్టల్ల” అని, నా వైపు తిరిగింది. “చుక్క నీళ్లు పోసేకి తీరల్యా, పేరు రాసేకి మాత్రం తీరిందా నీకి?”

మైలుతుత్తంలోని రాగి చుట్టూ చేరిన నీటి అణువులు దాని ఎలక్ట్రాన్లకు ఎగువ, దిగువ మెట్లు ఏర్పరుస్తాయని చెప్పింది. పై మెట్టెక్కే ఎలక్ట్రాన్ వెలుతురులోని ఎరుపును మింగేస్తే, మిగిలింది మనకు నీలంగా కనిపిస్తుంది. ఆవిరి గొట్టం వేడికి ఆ నీరు పోతే మెట్ల ఎడం తగ్గి, మింగే వెలుతురు కంటికి కనబడనిదవుతుంది; పొడి తెల్లగా కనిపిస్తుంది.

“మరి జింకు ఎరువు తడిపినా తెల్లగానే ఉంటుందేమండీ?” అన్నాడు సుబ్బారావు అనే రైతు.

“దాంట్లో మెట్లన్నీ నిండిపోయినాయప్పా, ఎక్కేకి చోటు లేదు. ఇన్నేండ్లలో నా క్లాసులో ఒక్కరూ ఇది అడగల్యా!” టీచరు ముఖం వెలిగిపోయింది.

వీరేశప్ప అందరికీ బజ్జీలు తెప్పించాడు. తిట్టినవాళ్లే రెండోసారి చెయ్యి చాచారు. నేను వార్త చెరిపి, ఆ చుక్క గురించి కొత్తగా రాశాను. నా వార్తల్లో వీరేశప్ప కొట్టు గోడకు అతికించుకున్నది అదొక్కటే.

టీచరు ఇప్పుడు లేదు. ఎవరి పేరైనా రాయబోతే నా వేలు ఇప్పటికీ ఆగుతుంది. ఆరోజు బజ్జీ తింటూ సుబ్బారావు మరొకటి అడిగాడు: “సరుకు మంచిదే అయితే, మా చివరి మడిలో నాచు చావలేదేమండీ?”

“తెల్దప్పా. నీళ్లు చూడల్ల” అంది టీచరు. ఆ మడి నీళ్లు తెప్పించుకుని చూసింది కూడా. కారణం దొరకలేదు. ఆ మడిలో ఈ ఏడూ నాచు ఉంది.