బ్రేకు కింది నిమ్మకాయ

నరసరావుపేట మార్కెట్లో ఈమధ్య గట్టి నిమ్మకాయ దొరకడం లేదు. అన్నీ మగ్గినవే. బొటనవేలితో కొంచెం ఒత్తితే చాలు, గుంట పడి అలాగే ఉండిపోతుంది. గుంట పెట్టినవాడే కొనాలంటాడు అమ్మేవాడు. న్యాయమే. అందుకని నేను ఒత్తకుండా కొంటాను. ఇంటికెళ్ళాక అమ్మ ఒత్తి చూసి నన్ను తిడుతుంది. నెలకు నాలుగైదుసార్లు జరిగే తంతు ఇది.

నాకు కారు లేదు. స్టీరింగు మాత్రం ఉంది. వీడియో గేముల్లో బండ్లు తోలడానికి అమ్మే సరంజామా అది. బల్లకు మరలతో బిగించుకునే స్టీరింగు, పక్కన గేరు రాడ్డు, కింద నేలమీద క్లచ్చి, బ్రేకు, యాక్సిలేటరు. స్టీరింగు లోపల మోటారు ఉంటుంది. తెరమీద బండి గోడకు గుద్దుకుంటే అది మన చేతుల్ని నిజంగానే విదిలించి కొడుతుంది. కొన్న వారంలోనే నా బొటనవేలు బెణికింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కనుక బలప్రయోగం గురించి నాకు తెలుసనుకునేవాణ్ణి. కట్టుతో క్లాసుకు వెళ్తే ఏమైంది సార్ అన్నారు పిల్లలు. యాక్సిడెంట్ అన్నాను. ఎక్కడ సార్ అంటే, ఇంట్లో అన్నాను.

ఆ బల్ల ముందు కూర్చుని సాయంత్రాలు నేను చాలామందిని గుద్ది చంపాను. ఒక్కరూ కేసు పెట్టలేదు.

మా బావ మీద మాత్రం కేసు ఉంది. అక్క భర్త. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర లారీ తోలేవాడు. ఏడాది కిందట హైవే మీద పక్కదారిలోంచి ఒక బైకు అడ్డం వచ్చింది. లారీ ఆ బైకునూ దానిమీది మనిషినీ కింద వేసుకుని చాలా దూరం వెళ్ళి ఆగింది. ఆయన్ను రోడ్డు మీది నుంచి తీయడానికి రెండు దుప్పట్లు కావలసి వచ్చాయి. తర్వాత జనం బావను క్యాబిన్‌లోంచి కిందికి లాగారు. చెప్పులతో మొదలుపెట్టి కర్రల దాకా వచ్చారు. ఒకాయన హెల్మెట్‌తో కొట్టాడు. మా రోడ్ల మీద ఎవరైనా హెల్మెట్ వాడినట్టు నేను విన్నది అదొక్కసారే. దవడ రెండుచోట్ల విరిగింది. రేకు వేసి బిగించారు. రెండు నెలలు రాగిజావే తిండి.

బ్రేకు పడలేదన్నాడు బావ. పోలీసులకు అదే చెప్పాడు. గురజాల కోర్టులో చెప్పబోయేదీ అదే. బండిని తనిఖీ చేసినాయన మాత్రం బ్రేకులు బాగానే ఉన్నాయని రాశాడు. ఓనరు ముఖం చూసి రాసి ఉంటాడని మా ఇంట్లో తీర్మానించుకున్నాం. పెద్ద చర్చ ఏమీ జరగలేదు.

మొన్న ఒక శుక్రవారం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, సోమవారం నుంచి బండెక్కమంటన్నాడంట ఓనరు, మీ బావని."

"మంచిదేగా."

"మంచిదో చెడ్డదో నాకు తెలియాలగా. ఆ మనిషి నిద్రలో గూడా ఉలిక్కిపడి నన్ను తంతన్నాడు. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతయ్యో లేదో నా కళ్ళతో చూడాల. నీకాడ ఆటబండి ఉందిగా, దానిమీద కూర్చోబెట్టు. సరిగ్గా తోలితే పంపిస్తా. లేదంటే తాళాలు నేనే తీసుకెళ్ళి ఓనరు మొహాన కొడతా."

లైసెన్సు ఇచ్చిననాడు కూడా బావకు ఇంత పరీక్ష పెట్టి ఉండరు.

ఆదివారం పొద్దున పదింటికి ఇద్దరూ వచ్చారు. వాళ్ళకంటే ముందే అమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో సిద్ధంగా ఉంది. అల్లుడు ఏడాది తర్వాత స్టీరింగు పట్టుకుంటున్నాడు, కనుక పూజ జరగాలి. స్టీరింగుకు మూడు బొట్లు పెట్టింది. గేరు రాడ్డుకు పూలు చుట్టింది. తర్వాత నేను తెచ్చిన నిమ్మకాయలు పట్టుకుని వంగి బల్లకింద వెతికింది.

"దీనికి చక్రాలు లేవమ్మా," అన్నాను.

"లేకపోతే ఏంది? తొక్కేవి ఉన్నయ్‌గా."

మూడు పెడళ్ళ వెనక సందుల్లో మూడు కాయలు పెట్టింది. కొత్త బండి చక్రం కింద పెట్టిన నిమ్మకాయ నలిగితేనే దిష్టి పోయినట్టు. నేను వద్దనలేదు. వద్దంటే ఏమయ్యేదో ఇప్పుడు ఆలోచించి లాభం లేదు.

బావ కూర్చుని, వాసన చూసినట్టు ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఇదేందిరా, పెళ్ళికూతురులాగుంది," అన్నాడు. లారీలు తోలే గేము పెట్టాను. ఏ దేశమో తెలియదు. రోడ్డు మీద ఒక్క గేదె లేదు కాబట్టి మనది కాదు.

క్లచ్చి తొక్కాడు. కింద నిమ్మకాయ చితికింది. యాక్సిలేటరు తొక్కాడు. రెండోదీ చితికి, రసం నేలమీద కారింది. "పోయింది దిష్టి," అంది అమ్మ.

చేతులు వణకలేదు. ఎడమచేత్తో గేర్లు మారుస్తుంటే చూడముచ్చటగా ఉంది. ఏడాదిగా ఇంట్లో కూర్చున్న మనిషి నాకు క్లాసు పీకడం కూడా మొదలుపెట్టాడు.

"బ్రేకుమీద కాలేసుకుని తోలేవాడు డ్రైవరు గాదురా. ముందు గేరు తగ్గించాల. బండి దానంతటదే ఒదుగుద్ది."

మలుపుల్లో అలాగే చేశాడు. పావుగంట గడిచింది. అక్క బావ వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ముఖంలో బిగువు కొంచెం సడలినట్టే ఉంది.

అప్పుడు పక్కదారిలోంచి చిన్న కారు ఒకటి వచ్చింది. తొందరేమీ లేకుండా వచ్చింది. బావ స్టీరింగు కుడికి కోశాడు, ఎడమకు కోశాడు. ఇంజను రొద తగ్గలేదు. "ఆగు, ఆగు, ఆగు," అంటున్నాడు. లారీ ఆ కారు మీదికి ఎక్కింది. స్టీరింగు గింజుకుని అతని మణికట్టు మీద కొట్టింది.

తర్వాత జరిగినదానికి ఎక్కువసేపు పట్టలేదు. బావ స్టీరింగును మరలతో సహా పెరికాడు. బల్ల అంచు కూడా దాంతోపాటే ఊడొచ్చింది. దాంతో తెరను కొట్టాడు. ఒక్కసారి చాలేది. నాలుగుసార్లు కొట్టాడు. అడ్డం వెళ్ళిన నాకు అతని మోచెయ్యి తగిలి పైపెదవి చిట్లింది. ఫిజిక్స్ ప్రకారం నేను నిలబడ్డ చోటు తప్పు. మిగిలిన స్టీరింగును గోడకేసి కొట్టి, తన తలను కూడా అదే గోడకేసి రెండుసార్లు కొట్టుకున్నాడు. అక్క వెనకనుంచి జుట్టు పట్టి లాగితే గానీ ఆగలేదు.

గాజుపెంకుల మధ్య కూలబడ్డాడు. చీరుకుపోయిన చెయ్యి నిమ్మరసంలో ఆనింది కాబోలు, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు కిందికి చూశాడు. మధ్య పెడలు వెనక మూడో కాయ కనిపించింది.

"అత్తా," అన్నాడు ఎగరొప్పుతూ. "నీ నిమ్మకాయ అడ్డం పడింది. తొక్కితే బ్రేకు దిగలా. ఆరోజు గూడా ఇంతే. ఎంత తొక్కినా దిగలా."

అమ్మ ఏడుపు అందుకుంది. అల్లుడి ప్రాణం మీదికి తెచ్చానని నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, పెద్ద బరువు దిగింది. బ్రేకే. ఇక్కడ నిమ్మకాయ, అక్కడ ఇంకేదో. బావ తప్పేమీ లేదు. సోమవారం బండెక్కవచ్చు, కోర్టులో నిలబడవచ్చు. పెదవి తుడుచుకుంటూ, "అవునక్కా, కాయ అడ్డం ఉంటే దిగదు," అన్నాను. ఫిజిక్స్ లెక్చరర్ని కదా, మాటకు విలువ ఉంటుంది.

అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గాజుపెంకుల్లో మోకాళ్ళమీద కూర్చుంది. క్లచ్చి కిందిది తీసింది, తొక్కే మిగిలింది. యాక్సిలేటరు కిందిది అంతకంటే అన్యాయం. తర్వాత బ్రేకు కింది కాయ తీసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. నున్నగా, గుండ్రంగా, నేను కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బొటనవేలితో ఒకసారి ఒత్తింది. గుంట పడింది. అలాగే ఉండిపోయింది.

తిరిగొచ్చి ఆ కాయను బావ ఒళ్ళో పెట్టింది.

"నువ్వు బ్రేకు తొక్కలా," అంది.